31 అంకెల తేడా: జీఎన్‌ఈ మయోపతీ ఉన్న ఒక కుటుంబానికి క్లినికల్ ట్రయల్ వెతికిన కేసు

నేపథ్యం

నేను హైదరాబాద్‌లో జెనెటిక్ కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. జన్యు పరీక్ష రిపోర్టు చేతికి వచ్చిన కుటుంబాలు మొదట అడిగేది దీనికి మందు ఉందా అని. లేదని తెలిశాక అడిగేది, ఎక్కడైనా ట్రయల్ జరుగుతోందా అని. ఈ రెండో ప్రశ్నకు జవాబు వెతకడం కంప్యూటర్ ముందు కూర్చుని జబ్బు పేరు కొట్టడంతో అయ్యే పని అని ఒకప్పుడు నేనూ అనుకున్నాను. ఆ అభిప్రాయం మారడానికి కారణమైన కేసు ఇది. కుటుంబం రాతపూర్వకంగా అనుమతి ఇచ్చింది. వయసు, వృత్తి, ఊరు, కొన్ని తేదీలు మార్చాను. వైద్యపరమైన వరసను మాత్రం ఉన్నది ఉన్నట్టే ఉంచాను. ఆమెలో దొరికిన రెండు జన్యు మార్పుల్లో ఒకదాని వివరం కావాలనే ఇవ్వడం లేదు, ఎందుకంటే అంత అరుదైన మార్పును బయటపెడితే పేరు దాచినా మనిషిని దాచినట్టు కాదు.

ఆమెను ఇక్కడ స్వాతి అంటాను. 2020 డిసెంబర్‌లో భర్తతో, తండ్రితో కలిసి మా దగ్గరికి వచ్చేనాటికి ఆమెకు ముప్పై ఏళ్లు. నాలుగేళ్ల కిందట ఒకరోజు బస్సు దిగి కొంతదూరం నడిచాక చూసుకుంటే ఎడమ కాలికి చెప్పు లేదు. అది జారిపోయిన సంగతి ఆమెకు తెలియనే లేదు. ఆ తర్వాత గడప తగిలి పడటం, మెట్టు ఎక్కేటప్పుడు బొటనవేలు తట్టుకోవడం మొదలైంది. కుర్చీలోంచి లేవడానికి, నేలమీద కూర్చుని లేవడానికి మాత్రం పెద్ద ఇబ్బంది లేదు. 2018లో మరో నగరంలోని ఒక ఆసుపత్రిలో కండరం ముక్క తీసి పరీక్షించి పాలీమయోసైటిస్, అంటే కండరాల వాపు జబ్బు, అన్నారు, పదకొండు నెలలు స్టెరాయిడ్లు వాడించారు. బరువు పెరిగింది, షుగర్ పెరిగింది, పాదం అలాగే ఉంది. చివరికి ఒక న్యూరాలజిస్ట్ అదే స్లైడును మళ్లీ చదివించి, కండర తంతువుల్లో రిమ్‌డ్ వాక్యూల్స్ అనే గుంటలను గమనించి, తొడ ముందుభాగపు కండరం చెక్కుచెదరకుండా ఉండటాన్ని దానికి జతచేసి చూసి, జన్యువుల్లో ప్రోటీన్ తయారీకి పనికొచ్చే భాగాలన్నిటినీ చదివే ఎక్సోమ్ పరీక్ష రాశారు. జీఎన్‌ఈ మయోపతీ అనే కండర జబ్బుకు మూలమైన జీఎన్‌ఈ జన్యువులో రెండు మార్పులు దొరికాయి.

జీఎన్‌ఈ జన్యువు తయారుచేసే ఎంజైము మన శరీరంలో సియాలిక్ యాసిడ్ అనే చక్కెర తయారీకి తొలి మెట్లు వేస్తుంది. ఆ జన్యువు రెండు ప్రతుల్లోనూ లోపం ఉన్నవారికి సాధారణంగా ఇరవైల్లో, ముప్పైల్లో పాదాన్ని పైకెత్తే కండరం ముందుగా బలహీనపడి, ఏళ్ల తరబడి నెమ్మదిగా మిగతా కండరాలకు పాకుతుంది. తొడ ముందుభాగం చాలాకాలం నిలబడటం దీని ప్రత్యేక గుర్తు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున లోపమున్న ప్రతులు రావాలి గనుక తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉంటారు. స్వాతి తండ్రి మొదటిరోజే అడిగారు: "మా ఇంట్ల మేనరికాలు లెవ్వు గదమ్మా, మరి ఇది ఎట్లొస్తది?" మేనరికం ఉంటే ఒకే పూర్వీకుడి నుంచి ఒకే మార్పు రెండువైపులా చేరే అవకాశం పెరుగుతుంది. అది లేకపోయినా, ఒక మార్పు ఒక ప్రాంతపు జనంలో తరతరాలుగా పాతుకుపోయి ఉంటే, చుట్టరికం లేని ఇద్దరు దాన్ని మోయడం, లేదా ఒకరు అది, మరొకరు వేరొకటి మోయడం జరుగుతుంది. భారతీయుల్లో అలా పాతుకుపోయిన మార్పు ఒకటుంది: ప్రోటీన్‌లో 727వ స్థానంలో వాలీన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట మిథియోనిన్ అనేది రావడం. స్వాతి రిపోర్టులో మొదటి మార్పు అదే. రెండోది ఎవరూ ఎక్కడా నమోదు చేయనిది కావడంతో ల్యాబ్ దాన్ని "ప్రభావం తేలని మార్పు"గా, మా వాడుకలో వీయూఎస్‌గా, వదిలేసింది.

మొదటి వెతుకులాట

స్వాతి భర్త అప్పటికే రాత్రుళ్లు కూర్చుని వెతికి ఒక నోటుపుస్తకం నింపారు. రిపోర్టులో జబ్బు పేరు నొనాకా మయోపతీ అని ఉంది కాబట్టి ఆయన అమెరికా ప్రభుత్వపు ట్రయళ్ల నమోదు సైటు క్లినికల్‌ట్రయల్స్.గవ్‌లో ఆ పేరుతోనే వెతికారు. దొరికినవి కొద్ది, అందులో ఒకదాని ఎదుట "యాక్టివ్, నాట్ రిక్రూటింగ్" అని ఉంటే, యాక్టివ్ అన్న మాట పట్టుకుని ట్రయల్ నడుస్తోంది కదా అని ఎంతో ఆశ పెట్టుకున్నారు. ఆ మాటకు అర్థం, ట్రయల్ జరుగుతోంది గాని కొత్తవారిని చేర్చుకోవడం అయిపోయింది అని. ఈ పొరపాటు ఎన్ని ఇళ్లలో చూశానో చెప్పలేను. అలాగే "అన్‌నోన్" అని ఉన్నచోట అసలు విషయం ఏమిటంటే, ముగియాల్సిన తేదీ దాటిపోయినా నిర్వాహకులు రెండేళ్లకు పైగా వివరాలు తాజా చేయలేదన్నమాట. ట్రయల్ పేరు చదవడానికి ముందు దాని స్థితి, చివరిగా తాజా చేసిన తేదీ చదవాలని ఇప్పుడు నేను ప్రతి కుటుంబానికీ పక్కన కూర్చుని చూపిస్తాను.

రెండో ఇబ్బంది పేరుది. ఈ ఒక్క జబ్బును వేర్వేరు దేశాల్లో వేర్వేరు వైద్యులు విడివిడిగా కనుక్కున్నారు. జపాన్‌లో 1981లో నొనాకా వర్ణించారు. ఇజ్రాయెల్‌లో 1984లో ఇరాన్ నుంచి వచ్చిన యూదు కుటుంబాల్లో వర్ణించారు. అందువల్ల నొనాకా మయోపతీ, డీఎంఆర్‌వీ, హెచ్‌ఐబీఎం, క్వాడ్రిసెప్స్ స్పేరింగ్ మయోపతీ అన్న పేర్లన్నీ వాడుకలోకి వచ్చాయి. 2001లో జన్యువు దొరికాకగాని అవన్నీ ఒకటేనని తేలలేదు. 2014లో పరిశోధకులు జీఎన్‌ఈ మయోపతీ అన్న ఒకే పేరుకు ఒప్పుకున్నారు. పాత ట్రయళ్లు పాత పేర్లతోనే నమోదై ఉన్నాయి. నేను చేసిన సవరణ ఇక్కడిదాకానే: పేర్లన్నిటితో, జన్యువు పేరుతో, మందుల పేర్లతో, అంటే సియాలిక్ యాసిడ్, మందుగా దానికే ఉన్న మరో పేరు ఎసిన్యూరామిక్ యాసిడ్, మ్యాన్‌నాక్, 6'-సియాలైల్‌లాక్టోజ్ పేర్లతో, విడివిడిగా వెతికించాను. మన దేశంలో ట్రయళ్లను నమోదు చేసే రిజిస్ట్రీ సీటీఆర్ఐలోనూ, ప్రపంచ ఆరోగ్య సంస్థ నడిపే ఉమ్మడి పోర్టల్‌లోనూ అదే వరసలో చూశాం. మన దేశంలో రోగులను చేర్చుకుంటున్న మందు ట్రయల్ ఆనాడు మాకు కనబడలేదు.

ఆ జాబితా చూసి పని అయినట్టే అనుకున్నాను. "కొత్తది ఏదైనా మొదలైతే చెప్తాను" అని పంపించాను. ఈ కేసులో నన్ను ఇప్పటికీ బాధపెట్టే నిర్ణయం అది. ఎదురుచూడమని చెప్పడం అప్పుడు నిజాయితీగల సలహాలా తోచింది, ఎందుకంటే లేని ఆశ కల్పించకూడదు. కానీ ఎదురుచూసే కాలంలో చేయాల్సిన పని చెప్పకుండా పంపితే, ఆ ఖాళీని మరెవరో నింపుతారు.

ఆ ఖాళీలో జరిగినవి

2021 వేసవిలో వాళ్లు మళ్లీ వచ్చినప్పుడు భర్త చేతిలో ఒక రంగుల కరపత్రం, యాభై వేల రూపాయల రసీదు ఉన్నాయి. మరో రాష్ట్రంలోని ఒక ప్రైవేటు క్లినిక్ స్టెమ్‌సెల్ చికిత్సను "ట్రయల్" అని చెప్పి అడ్వాన్సు తీసుకుంది. మొత్తం మీద ఆరు లక్షలు కట్టాలి. నేను అది మోసమని వెంటనే అనలేదు. అలా అంటే డబ్బు కట్టినవాళ్లు తమను తాము సమర్థించుకోవడంలో పడి, చెప్పేది వినరు. దానికి బదులు ముగ్గురం కూర్చుని క్లినిక్‌కు నాలుగు ప్రశ్నలతో ఒక ఉత్తరం రాశాం: సీటీఆర్ఐ నమోదు సంఖ్య ఎంత, ఏ ఎథిక్స్ కమిటీ అనుమతించింది, ఆ కమిటీకి కేంద్ర మందుల నియంత్రణ సంస్థ సీడీఎస్‌సీఓ దగ్గర నమోదు ఉందా, మందుకూ పరీక్షలకూ రోగి దగ్గర ఎందుకు డబ్బు తీసుకుంటున్నారు. మొదటి మూడింటికి జవాబు రాలేదు. నాలుగోదానికి "నామమాత్రపు ఖర్చు" అని ఫోనులో చెప్పారట.

సీటీఆర్ఐ 2007 జులైలో మొదలైంది. 2009 జూన్ 15 నుంచి మన దేశంలో జరిగే మందుల ట్రయళ్లన్నీ అందులో ముందుగా నమోదు కావడం తప్పనిసరి. 2019లో వచ్చిన కొత్త మందుల, క్లినికల్ ట్రయళ్ల నియమాలు ట్రయల్ వల్ల హాని జరిగితే ఉచిత వైద్యం, పరిహారం ఇవ్వాలంటాయి. పరిశోధన కోసం అయ్యే ఖర్చును పాల్గొనేవారిమీద వేయకూడదన్నది ఐసీఎంఆర్ మార్గదర్శకాల మాట. 2017 నాటి జాతీయ స్టెమ్‌సెల్ మార్గదర్శకాల ప్రకారం రక్త సంబంధ వ్యాధులకు చేసే మూలకణ మార్పిడి తప్ప మిగిలినవన్నీ ఆమోదం పొందిన ట్రయల్‌లో మాత్రమే జరగాలి. ఇవన్నీ వివరించాక స్వాతి ఒక్క మాట అడిగింది: "మరి అమెరికా సైటులో కూడా డబ్బు తీసుకునేవి ఉన్నాయి కదా మేడమ్, అది గవర్నమెంటుదే కదా?" ఆ ప్రశ్న చాలా సరైనది. రిజిస్ట్రీలో పేరుండటం అంటే నమోదైందని అర్థం. ప్రభుత్వం పరిశీలించి మంచిదని ముద్ర వేసిందని కాదు. రోగే డబ్బు కట్టాల్సిన ట్రయళ్లు కూడా అందులో ఉంటాయి. కాబట్టి సంఖ్య ఉండటం అవసరమే గాని, సంఖ్య ఒక్కటే చాలదు. కట్టిన యాభై వేలు తిరిగి రాలేదు.

రెండో సంగతి ఆమె తనంతట తాను చెప్పలేదు, మందుల పట్టిక రాసుకుంటున్నప్పుడు బయటపడింది. ఆరు వారాలుగా మ్యాన్‌నాక్ పొడిని ఆన్‌లైన్‌లో తెప్పించి నీళ్లలో కలుపుకుని తాగుతోంది. ఆలోచన అర్థం లేనిది కాదు: ఎంజైము లోపంవల్ల తయారీ తొలిమెట్టు దగ్గర ఆగిపోతుంటే, ఆ మెట్టు దాటాక వచ్చే పదార్థాన్ని బయటినుంచి ఇస్తే మిగతా తయారీ సాగుతుందన్నదే అసలు ట్రయళ్ల వెనుక ఉన్న వాదన. అయితే డబ్బాలో ఉన్నదేమిటో, ఎంత శుద్ధమో తెలియదు. అంతకన్నా ముఖ్యంగా, సియాలిక్ యాసిడ్, మ్యాన్‌నాక్ లాంటివి ఇటీవలి కాలంలో తీసుకున్నవారిని ఈ జబ్బు ట్రయళ్లలో చేర్చుకోరు, ఎందుకంటే మందు ప్రభావమేదో, ముందు తిన్న పొడి ప్రభావమేదో విడదీయలేరు. ట్రయల్ కోసం తపించే మనిషి ట్రయల్‌కు తనను తాను అనర్హురాలిని చేసుకుంటోందన్నమాట. ఆపమని చెప్పాను, ఆపిన తేదీని ఫైలులో రాయించాను, ఎందుకంటే రేపు ఎవరైనా ఎప్పుడు ఆపారని అడిగితే జ్ఞాపకం మీద చెప్పే జవాబు నిలవదు.

దారి మార్చడం

ఆ రోజు సాయంత్రం నేను పాత ట్రయళ్ల అర్హతా నియమాలను, ముగిసిపోయినవాటితో సహా, అచ్చు తీసి పక్కపక్కన పెట్టుకుని చదివాను. ముగిసినవి చదివి ఏం లాభమని అనిపించవచ్చు. ఒక అరుదైన జబ్బుకు వచ్చే తర్వాతి ట్రయల్ గత ట్రయల్ నియమాలను చాలావరకు అలాగే తీసుకుంటుంది, అందువల్ల రాబోయేదాని ద్వారం ఎంత వెడల్పు ఉంటుందో తెలుసుకోవడానికి పాతవాటికి మించిన ఆధారం లేదు. ఎసిన్యూరామిక్ యాసిడ్ మూడోదశ ట్రయల్‌లో వయసు 18 నుంచి 55 మధ్య ఉండాలి, ఆరు నిమిషాల్లో కనీసం 200 మీటర్లు నడవగలగాలి, జన్యు పరీక్షతో రోగనిర్ధారణ జరిగి ఉండాలి. ఈ మూడింటినీ స్వాతి ఫైలు పక్కన పెట్టి చూశాను. వయసు సరిపోతుంది. జన్యు నిర్ధారణ అసంపూర్తి, రెండో మార్పు వీయూఎస్. నడక ఎంతో తెలియదు. ఆమె మా దగ్గరికి వచ్చి ఆరు నెలలు దాటినా ఒక్కసారి కూడా మేం కొలవలేదు. పైగా ఫైలు మొదటి పేజీలో ఇప్పటికీ పాలీమయోసైటిస్ అనే రాసి ఉంది. రేపు పొద్దున ఈ ఊళ్లోనే ట్రయల్ మొదలైనా, ఈ ఫైలుతో ఆమెను పంపలేం. అప్పటినుంచి ట్రయల్‌ను వెతకడం ఆపకుండానే, ట్రయల్ వెతుక్కుంటూ వస్తే దొరికేలా మనిషిని సిద్ధం చేయడం మీద పని మొదలుపెట్టాం.

ముందుగా రెండో మార్పు సంగతి. కుటుంబ చరిత్ర మళ్లీ మొదటినుంచి తీసుకుంటుంటే తండ్రి ఒక విషయం చెప్పారు: స్వాతి అన్నయ్య గల్ఫ్‌లో ఉద్యోగం చేస్తాడు, అతనికి కూడా కాళ్ల బలహీనత ఉంది, కొన్నేళ్ల కిందట విదేశీ ల్యాబ్‌లో పరీక్ష చేయించుకున్నాడు, "అది వేరే జబ్బు, వాని నంబర్ వేరే ఉన్నది." రిపోర్టు వాట్సాప్‌లో తెప్పించుకున్నాను. అందులో 696వ స్థానంలో వాలీన్ బదులు మిథియోనిన్ అని ఉంది; డీఎన్‌ఏ స్థానం 2086. స్వాతి రిపోర్టులో 727, డీఎన్‌ఏ స్థానం 2179. కుటుంబం ఈ రెండు కాగితాలను పక్కపక్కన పెట్టుకుని, అన్నాచెల్లెళ్లకు రెండు వేర్వేరు జబ్బులని ఇన్నాళ్లూ నమ్మింది.

కాగితం మీద పెన్నుతో తీసివేత వేసి చూపించాను. 727లోంచి 696 తీసేస్తే 31. 2179లోంచి 2086 తీసేస్తే 93, అంటే మూడు ముప్పై ఒకట్లు. ప్రోటీన్‌లో ఒక్కో అమైనో ఆమ్లానికి డీఎన్‌ఏలో మూడు అక్షరాలు. పాత పద్ధతిలో 722 అమైనో ఆమ్లాలున్న ప్రోటీన్ రూపం మీద లెక్కపెట్టేవారు. ఇప్పుడు ముందువైపు 31 అమైనో ఆమ్లాలు ఎక్కువున్న 753 పొడవు రూపం మీద లెక్కపెడతారు. ఒకే వీధిలో ఇళ్లకు నంబర్లు కొత్తగా వేసినట్టు. ఇల్లు అక్కడే ఉంది. ఇజ్రాయెల్ కుటుంబాల్లోని ప్రసిద్ధమైన మార్పు పాత వ్యాసాల్లో 712గా, కొత్తవాటిలో 743గా కనిపించడం కూడా ఇందుకే. తండ్రి చాలాసేపు ఆ తీసివేతనే చూస్తూ ఉండిపోయి, "అంటే ఇద్దరికీ ఒక్కటే" అన్నారు. ఆ మాటలో ఊరట ఎంత ఉందో, దుఃఖమూ అంతే ఉంది.

మాకు ఆ సంగతి పనికొచ్చింది. అన్నయ్య పాత రిపోర్టులోని రెండో మార్పుకు కూడా ఇదే లెక్క వేస్తే అది స్వాతి వీయూఎస్‌తో సరిపోయింది. తర్వాత తల్లిదండ్రులిద్దరికీ ఆ రెండు స్థానాల్లో మాత్రమే శాంగర్ పరీక్ష చేయించాం. మొత్తం ఎక్సోమ్ మళ్లీ చేయించమని ల్యాబ్ ప్రతినిధి సూచించినా ఒప్పుకోలేదు. మాకు తెలియాల్సింది రెండు మార్పులు ఒకే ప్రతిమీద ఉన్నాయా, చెరో ప్రతిమీద ఉన్నాయా అన్నది మాత్రమే, దానికి అంత ఖర్చు అక్కర్లేదు. 727 మార్పు తండ్రిలో, రెండోది తల్లిలో కనిపించాయి. అంటే పిల్లలిద్దరికీ చెరోవైపు నుంచీ ఒక్కోటి వచ్చాయి. వ్యాధి కలిగిస్తుందని తేలిన మార్పుకు ఎదురుప్రతిలో ఉండటం, అదే జబ్బున్న తోబుట్టువులో కూడా ఉండటం, జనాభా డేటాలో కనబడకపోవడం, లక్షణాలు జబ్బుకు అచ్చంగా సరిపోవడం: అమెరికాలోని వైద్య జన్యుశాస్త్ర సంస్థ ఏసీఎంజీ 2015లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం ఈ ఆధారాలన్నీ కూడితే ఆ మార్పును పై వర్గానికి జరపవచ్చు. ఆధారాలు రాసి ల్యాబ్‌కు పంపాం. 2022 జనవరిలో "వ్యాధికారకం కావచ్చు" అన్న వర్గంతో సవరించిన రిపోర్టు ఇచ్చారు. న్యూరాలజిస్ట్ పాలీమయోసైటిస్‌ను కొట్టేసి, కారణం రాసి, సంతకం చేసి, కొత్త సారాంశం ఇచ్చారు.

కొలత

2022 ఫిబ్రవరిలో ఫిజియోథెరపిస్ట్ మా వరండాలో ముప్పై మీటర్లు టేపుతో కొలిచి, రెండు చివర్లా ప్లాస్టిక్ కోన్లు పెట్టింది. స్వాతి పాదాన్ని పైకి పట్టి ఉంచే ఏఎఫ్ఓ పట్టీలు తీసేసి నడవాలా, వేసుకుని నడవాలా అన్నదానిమీద కొంత చర్చ జరిగింది. రెండు విధాలుగానూ, రెండు వేర్వేరు రోజుల్లో కొలిపించాం, ఎందుకంటే ఏ ట్రయల్ ఏది అడుగుతుందో ముందే చెప్పలేం, ఒకసారి పోయిన ఏడాది కొలత మళ్లీ తెచ్చుకోలేం. పట్టీలు లేకుండా 318 మీటర్లు వచ్చింది. మలుపు తిరిగే ప్రతిసారీ ఎడమ బొటనవేలు నేలను గీరుతూ చిన్న చప్పుడు చేసేది. ఐదో నిమిషానికి ఆ చప్పుడు రెండు కాళ్లకూ వినిపించింది. చేతి పట్టు, భుజం, మోకాలు బలం డైనమోమీటర్‌తో కొలిచారు. ఏటా ఒకే నెలలో, వీలైతే ఒకే మనిషి చేత కొలిపించాలని నిర్ణయించుకున్నాం.

అమెరికా ట్రయల్ గురించిన నిర్ణయం

ఫైలు సిద్ధమయ్యాక అసలు ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. అమెరికాలో నాడీసంబంధ ట్రయళ్ల కోసం ఉన్న న్యూరోనెక్స్ట్ కేంద్రాల ద్వారా మ్యాన్‌నాక్‌ను ప్లసీబోతో, అంటే మందు లేని ఉత్తుత్తి మోతాదుతో, పోల్చే ట్రయల్ గురించి న్యూజెర్సీలో ఉండే స్వాతి పెదనాన్న కొడుకు కనుక్కుని, "విజిటర్ వీసా మీద వచ్చెయ్యి, మా ఇంట్లో ఉండు" అన్నాడు. కాగితం మీద ఆమెకు అర్హత ఉండే అవకాశం అప్పుడు నిజంగానే ఉంది. అందుకే నేను వెళ్లమనో వద్దనో చెప్పడం నా పని అనుకోలేదు. తూకం వేయడానికి కావాల్సినవన్నీ ఆమె ముందు పెట్టడమే నా పని అనుకున్నాను.

అర్హత ఉన్నట్టు కాగితం మీద కనిపించినా స్క్రీనింగ్‌లో తిరస్కరించవచ్చు. చేర్చుకున్నా ప్లసీబో రావచ్చు. కేంద్రానికి పలుమార్లు వెళ్లాలి, ప్రతిసారీ వీసా ఇస్తారన్న భరోసా లేదు, మధ్యలో మానేస్తే ఆమెకూ నష్టం, అసలే కొద్దిమందితో జరిగే పరిశోధనకూ నష్టం. ట్రయల్ వల్ల కాని అనారోగ్యం అక్కడ వస్తే ఖర్చు ఎవరిదన్నది వేరే ప్రశ్న. ఇవి అందరికీ చెప్పేవే. స్వాతి విషయంలో మరొకటి ఉంది. ఆమె రెండో బిడ్డను కోరుకుంటోంది; మందు ట్రయళ్లలో ఉన్నంతకాలం గర్భం రాకుండా చూసుకోవాలి. ఈ మాట ఎత్తాలా వద్దా అని నేను తటపటాయించాను, ఎందుకంటే అది ఆమె సొంత విషయం; కాని ఎత్తకపోతే ఆమె సగం సమాచారంతో నిర్ణయం తీసుకున్నట్టవుతుంది. పెద్దవాళ్లను బయట కూర్చోబెట్టి, ఆమెతో, భర్తతో మాట్లాడాను. అదే రోజు భర్తకు కూడా, లోపమున్న ప్రతి మోస్తున్నాడేమో చూడటానికి, జీఎన్‌ఈ క్యారియర్ పరీక్ష రాయించాను. అతనిలో మార్పులేవీ దొరకలేదు.

మూడు వారాల తర్వాత వచ్చి వెళ్లడంలేదని చెప్పింది. 2017 ఆగస్టులో వచ్చిన ఫలితం ఆమె నిర్ణయంలో కొంత పనిచేసింది: రెండోదశలో భుజాల, చేతుల బలంలో చిన్న మేలు చూపిన సియాలిక్ యాసిడ్ మాత్ర, 89 మందితో 48 వారాలు జరిగిన మూడోదశలో ప్లసీబోకు భిన్నంగా ఏమీ చూపలేకపోయింది. ట్రయల్‌ను చికిత్స అని, చికిత్సను నయం కావడమని కుటుంబాలు అనుకోవడం సహజం. ఆ ఫలితాన్ని దాచకుండా ముందే చెప్పడం వల్ల ఆమె నిరాశపడుతుందేమోనని భయపడ్డాను. ఆమె మాత్రం, "ఇన్నాళ్లూ ఏదో పోగొట్టుకుంటున్నానని నిద్రపట్టేది కాదు, ఇప్పుడు పడుతుంది" అంది.

నిలిచిన దారి

మందు ట్రయల్‌లో కాకుండా, జబ్బు గమనాన్ని నమోదు చేసే రిజిస్ట్రీలో అన్నాచెల్లెళ్లిద్దరినీ చేర్చాం. మన దేశంలో వరల్డ్ వితౌట్ జీఎన్‌ఈ మయోపతీ అన్న రోగుల సంస్థ ఉంది, దానితోనూ కలిపాం. ఇక్కడే అన్నయ్య కేసు నాకు కొత్త విషయం నేర్పింది. అతను కర్రతో ఆరు నిమిషాల్లో 150 మీటర్లు దాటలేడు. అవే మార్పులు, అదే ఇల్లు, అయినా చెల్లెలికి తెరిచి ఉన్న ద్వారం అతనికి మూసుకుపోయింది. రిజిస్ట్రీకి ఆ గీత లేదు. నడవలేనివారి వివరాలు లేకపోతే చేతుల బలాన్ని కొలమానంగా పెట్టి వారి కోసం ట్రయల్ ఎలా రూపొందించాలో ఎవరికీ తెలియదు. ఇది అతనికి చెప్పినప్పుడు, తన కొలతలు తనకోసం కాకపోయినా పనికొస్తాయంటే పంపుతానన్నాడు, ఏటా పంపుతున్నాడు.

2024 మార్చిలో జపాన్ ఎసిన్యూరామిక్ యాసిడ్ మాత్రకు ఆమోదం ఇచ్చింది. తెల్లవారుజామున స్వాతి తండ్రి ఫోను: "మందు వచ్చిందంట కదమ్మా!" సంతోషం నాకూ కలిగింది. అయినా చెప్పాల్సింది చెప్పాను. ఆ ఆమోదం కొద్దిమంది జపాన్ రోగులతో, ప్రధానంగా చేతుల బలం కొలిచిన ట్రయళ్ల ఆధారంగా వచ్చింది, అదే మందు 2017లో పెద్ద ట్రయల్‌లో నిలవలేదు, రెండూ నిజమే. కొలిచిన కండరాలు, ఎంచుకున్న రోగులు, జబ్బు దశ వేరైతే జవాబు వేరవడం అసాధ్యం కాదు. మన దేశంలో ఆమోదం లేని మందును సొంత వాడకానికి తెప్పించుకోవాలంటే డాక్టర్ చీటీతో 12ఏ ఫారం పెట్టి 12బీ అనుమతి పొందాలి. అది సాధ్యమైనా, తెప్పించి వాడితే కొత్త ట్రయల్‌కు అనర్హత వస్తుందన్న పాత లెక్క మళ్లీ ఎదురవుతుంది. న్యూరాలజిస్ట్, స్వాతి, నేను కూర్చుని ఈ రెండింటినీ రాసి చూసుకున్నాం. ఇప్పటికి తెప్పించకూడదని ఆమె నిర్ణయించుకుంది. ఏడాదికోసారి ఆ నిర్ణయాన్ని మళ్లీ తెరిచి చూస్తాం.

ఈ కేసు తర్వాత మా విభాగంలో మార్చినవి రెండు. కండర జబ్బుతో వచ్చే ప్రతి ఒక్కరికీ, ట్రయల్ మాట ఎత్తినా ఎత్తకపోయినా, మొదటి నెలలోనే నడక, పట్టు కొలుస్తున్నాం. జన్యు రిపోర్టు ఇచ్చేటప్పుడు మార్పు పాత సంఖ్య, కొత్త సంఖ్య, జబ్బు పాత పేర్లు అన్నీ ఒకే కాగితం మీద తెలుగులో రాసి చేతికిస్తున్నాం. 2021 అరుదైన వ్యాధుల జాతీయ విధానం కింద హైదరాబాద్‌లో నిమ్స్, సీడీఎఫ్‌డీ కలిసి కేంద్రంగా ఉన్నాయి గనుక, ఆ కాగితం నకలు అక్కడికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లమంటున్నాం. స్వాతి ఫైలులో 2020 డిసెంబర్ నుంచి 2022 ఫిబ్రవరి వరకు ఉన్న పద్నాలుగు నెలల ఖాళీ మాత్రం పూడేది కాదు.

నడక కొలత 2023లో 291 మీటర్లు, 2024లో 262, 2025లో 241. మూడు నెలలకోసారి, మొదటి సోమవారం నాడు, మూడు రిజిస్ట్రీల్లోనూ వెతికే పనిని ఇప్పుడు ఆమే చేస్తోంది: మొదట స్థితి, తర్వాత చివరి తేదీ, తర్వాత దేశం, ఆ తర్వాతే మందు పేరు. అర్థం కాని లైను ఉంటే ఫోటో తీసి నాకు పంపుతుంది.